మా వదిన పరగడుపు

మా వదిన చేతి వంట తిననివాడు ఆ బస్సు డిపోలో లేడు. మా వదిన కూర్చుని తింటుండగా చూసినవాడు కూడా లేడు. మొదటి సంగతి ఊరంతా చెప్పుకునేది. రెండో సంగతి నాకు తట్టడానికి చాలాకాలం పట్టింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. డిపో క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. తెల్లవారకముందే మొదటి బస్సులు కదులుతాయి కాబట్టి ఆవిడ పొయ్యి అంతకన్నా ముందే వెలగాలి. పొడవాటి గది, జిడ్డు పట్టి పచ్చబడిన గోడ పలకలు, బుసలు కొట్టే గ్యాసు పొయ్యిలు, మనిషిని కూర్చోబెట్టి స్నానం చేయించగలిగినంత పెద్ద గిన్నెలు. ఏళ్ళ తరబడి ఆ ఆవిరిలో నిలబడి ఆవిడ ముఖం ఎప్పుడు చూసినా అప్పుడే కడుక్కున్నట్టు తడిగా ఉండేది. డ్రైవర్లు, కండక్టర్లు ఆవిడను 'సరిపోయిందమ్మ' అనేవారు. గిన్నె దించే ముందు ఆవిడ నోట వచ్చే మాట అదొక్కటే మరి. ఉప్పు సరిపోయిందని అర్థం. సొంత పేరు పెట్టి పిలిస్తే రెండుసార్లు పిలవాల్సి వచ్చేది గానీ ఆ పేరుకు మాత్రం వెంటనే వెనక్కి తిరిగేది.

నాది బట్టల దుకాణంలో ఉద్యోగం. కొననివాళ్ళకు తానులు విప్పి చూపించడం, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మడతపెట్టడం. రోజంతా నిలబడే పని. అందుకే మా వదినకూ నాకూ మాటలకన్నా కాళ్ళ నొప్పుల్లోనే ఎక్కువ చుట్టరికం. ఎప్పుడైనా కలిస్తే ఇద్దరం కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఓపిక ఉండేది కాదు.

మా ఆయనకు ఇంకో అక్క ఉండేది. అందరిలోకీ పెద్దది. ఆవిడను కడుపులో క్యాన్సర్ తీసుకుపోయింది. కడుపులోకి గొట్టం వేసి చూడాలని డాక్టర్లు మొదట్లోనే చెప్పారు. "గొట్టం మింగడం నావల్ల కాదు, ఊపిరాడక చచ్చిపోతాను" అని ఆవిడ ససేమిరా అంది. అడిగినప్పుడల్లా అదే మాట. చివరికి పిడికెడు మెతుకులు కూడా లోపల నిలవని స్థితిలో తీసుకెళ్తే, డాక్టరు లోపల చూసి బయటికొచ్చి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. చెయ్యడానికేమీ మిగల్లేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు మా వదినకు కడుపులో నొప్పి మొదలైంది. డొక్కల మధ్య, సరిగ్గా ఎముక కింద, ఎవరో వేలు పెట్టి తిప్పుతున్నట్టు ఉంటుందనేది. పుల్లటి త్రేన్పులు. జాకెట్లు వదులైపోయాయి. సుద్దముక్కల్లాంటి మాత్రలు కొంగున ముడేసుకుని, చిన్నపిల్లలు పిప్పరమెంట్లు చప్పరించినట్టు చప్పరించేది. ఆవిడ ఎవరితోనూ అనలేదు, మేమూ పైకి అనలేదు గానీ అందరి మనసుల్లోనూ ఒకటే ఉంది. పెద్దావిడకు వచ్చిందే ఈవిడకూ వచ్చిందా అని.

ఒకరోజు మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చింది. గిరాకీ లేని వేళ చూసుకుని వచ్చిందని నాకు తెలుసు. కౌంటరు మీద చెయ్యి ఆన్చి, చీరల వైపు చూస్తూ అంది:

"క్లినిక్‌కి వెళ్ళాను. గొట్టం వేసి చూడాలన్నారు. అక్క సంగతి చెప్పేసరికి ఇంక ఆలస్యం చెయ్యొద్దన్నారు."

"వెళ్దాం వదినా."

"అందుకే వచ్చా. మత్తుసూది ఇస్తారంట. ఇంటికి తీసుకెళ్ళే మనిషి పక్కన లేకపోతే ఇవ్వరంట. నీకు సెలవు దొరుకుతుందా?"

"దొరక్కపోతే ఊరుకుంటానా. మీ తమ్ముడితో చెప్పారా?"

"వాడికి చెప్పకు. వాడు కంగారుపడతాడు. కంగారుపడితే నవ్వుతాడు. నేను ఆ నవ్వు చూడలేను."

ఆస్పత్రిలో ముందుగా ఒక నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నడివయసు దాటిన మనిషి. కండక్టరు స్టాపులు చదివినట్టు చదివింది పాపం, ఆ మాటలే రోజూ ఎందరికి చెప్పాలో. రాత్రి తేలిగ్గా తిని, ఆ తర్వాత ఏమీ తినకూడదు. కడుపు ఖాళీగా ఉంటేనే లోపల కనిపిస్తుంది, పైగా ఉన్నది పైకి తన్నే ప్రమాదం ఉండదు. నీళ్ళు కూడా పరీక్షకు కొన్ని గంటల ముందే ఆపెయ్యాలి. రక్తం పల్చబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, ఎవరికి వాళ్ళు ఆపెయ్యకూడదు. ఏ మందైనా పడని తత్వం ఉంటే చెప్పాలి. కట్టుడు పళ్ళు ఉంటే తీసెయ్యాలి. మత్తు తీసుకుంటే ఆ రోజంతా బండి నడపకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు.

"పొయ్యి దగ్గరికి కూడానా?" అంది వదిన. నర్సు చెప్పినదాంట్లో ఆవిడకు పట్టింది అదొక్కటే.

పరీక్ష పదకొండు దాటాక. మా వదిన ఆ రోజు కూడా తెల్లవారుజామునే క్యాంటీన్‌కు వెళ్ళింది. పొద్దుటి వంట దించి, అప్పుడు ఆస్పత్రికి వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి ఉంటే ఆవిరి వాసనతో, తడి ముఖంతో బస్సు దిగింది. నర్సు అడిగింది, ఏమైనా తిన్నారా, తాగారా అని. వదిన కాస్త నొచ్చుకున్నట్టే చెప్పింది, "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా." లోపలికి తీసుకెళ్ళారు. నేను బల్ల మీద కూర్చుని, ఎదురుగోడ మీద పెచ్చులూడిన రంగును చూస్తూ, ఏ దేవుణ్ణి అడగాలో తెలియక అందర్నీ అడిగాను.

మామూలుకన్నా త్వరగా తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికి వచ్చాడు. కళ్ళ కింద నల్లగా, నిద్ర చాలని మనిషి. కోపంగా ఉన్నాడు గానీ అరవలేదు.

"మీ పేషెంటు పొద్దున తిన్నారు."

"లేదండీ."

"కడుపులో కూర ఉందమ్మా. టమాటా తొక్కతో సహా కనిపిస్తోంది నాకు. మత్తులో ఉండగా అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కుతుందా? అసలు చూడాల్సిన చోటు ఆ తిండి కింద ఉండిపోయింది. మధ్యలో ఆపేశాను. మళ్ళీ తేదీ ఇస్తారు. ఈసారైనా నిజం చెప్పమనండి."

వదినకు మెలకువ వచ్చాక ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. మత్తు వదలని కళ్ళతో నావైపు చూసి, "నేను తినలేదు" అంది. తర్వాత నర్సుతో అంది. తర్వాత గోడతో అంది. ఇంటికి వచ్చేదాకా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు ఒక్క మాట అంది.

"ఈ వయసులో నన్ను అబద్ధాలకోరుని చేశారు. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కను."

నిజంగానే తొక్కలేదు. ఇచ్చిన తేదీకి రాలేదు. నేను వెళ్ళి తలుపు కొడితే పనికి పోయానని పక్కింటివాళ్ళ చేత చెప్పించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దావిడ దారే పట్టింది కదా ఈవిడ కూడా అని. ఆవిడకు భయం అడ్డం వచ్చింది, ఈవిడకు పౌరుషం అడ్డం వచ్చింది. కడుపుకు ఈ రెండింటి తేడా ఏం తెలుస్తుంది? ఈలోగా మనిషి మరింత నీరసపడింది. గరిటె రెండు చేతులతో పట్టుకుంటోందని డిపోలో పనిచేసే ఒకతను మా దుకాణానికి వచ్చినప్పుడు చెప్పాడు.

నన్ను వేధించింది ఇంకోటి. మా వదిన అబద్ధం చెప్పే మనిషి కాదు. పెళ్ళిచూపుల్లో మా పుట్టింటివాళ్ళకు మా ఆయన జీతం కూడా ఉన్నదున్నట్టు చెప్పి, నా పెళ్ళి తప్పిపోయేంత పని చేసింది. ఇటు డాక్టరు కళ్ళారా చూసి చెప్పాడు. కూర ఉంది. ఆవిడ తినలేదు. బట్టలు మడతపెడుతూ ఇదే ఆలోచించేదాన్ని. ఎటు నుంచి మడిచినా అంచులు కలిసేవి కావు.

దుకాణం సెలవు రోజున, చీకటి ఉండగానే లేచి క్యాంటీన్‌కు పోయాను. అక్కడైతే తప్పించుకుని పోవడానికి ఉండదు, మొహమ్మీద అడిగేద్దామని. వదిన నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది. కూరలు తరిగే ఆవిడ నాకొక స్టూలు జరిపింది. పొయ్యిల మోతలో మాట వినబడేటట్టు లేదు. సరే, వంట దిగేదాకా కూర్చుందామనుకున్నాను.

వదిన ఒక గిన్నె మూత తీసింది. గరిటె ముంచింది. ఎడమ అరచేతిలో కాస్త ఒంపుకుంది. నాలుకకు తగిలించి, మిగిలింది కూడా నోట్లో వేసుకుంది. "సరిపోయింది." రెండో గిన్నె. గరిటె, అరచెయ్యి, నోరు. "కాస్త పట్టాలి." ఉప్పు వేసింది, కలిపింది, మళ్ళీ గరిటె, మళ్ళీ అరచెయ్యి. "సరిపోయింది." అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు. బంగాళాదుంప మెత్తబడిందో లేదో ఒక ముక్క. మొదటి గిన్నె దగ్గరికి తిరిగి వచ్చి, చల్లారాక ఎలా ఉందో అని ఇంకోసారి. ఆవిడ అటు చూడటం కూడా లేదు. కళ్ళు మంట మీద ఉన్నాయి, చెవులు కూరలావిడ చెప్పే కబుర్ల మీద ఉన్నాయి. చెయ్యి మాత్రం దాని దారిన అది గిన్నెకూ నోటికీ మధ్య తిరుగుతోంది.

నేను లేచి దగ్గరికి పోయాను.

"వదినా, పొద్దున్నించి ఏం తిన్నారు?"

"ఇప్పుడేం తిండి? ఇంకా ఏమీ ముట్టలేదు."

"నోట్లో ఏముంది?"

వదిన దవడ ఆగిపోయింది. బుగ్గన బంగాళాదుంప ముక్క అలాగే ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియని ముఖం పెట్టి నన్ను చూసింది. ఇంకో సమయమైతే నేను పడీపడీ నవ్వి ఉండేదాన్ని.

కూరలావిడ వెనకనుంచి అంది, "అమ్మ తినదండీ. రుచి చూస్తుందంతే."

"ఎంత చూస్తుంది?"

"ప్రతిదీ చూడాలిగా మరి."

అదీ సంగతి. ఆ గదిలో తినడం వేరు, రుచి చూడటం వేరు. తినడమంటే కంచం ముందు కూర్చోవడం. నిలబడి చేతిలో ఒంపుకున్నది తిండి లెక్కలోకి రాదు. అది పని. నర్సు తిన్నారా అని అడిగింది, వదిన తను తినలేదు కాబట్టి తినలేదని చెప్పింది. గిన్నె గిన్నెకూ ఇంత చొప్పున తెల్లారేసరికి ఒక మనిషికి సరిపడా భోజనం ఆవిడ కడుపులోకి చేరుతోందని ఆవిడకే తెలియదు. అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్ళలో ఆవిడ కూర్చుని తింటుండగా నేను చూడలేదని. ఇంటికెళ్ళి తింటానంటుంది, ఇంటికెళ్ళేసరికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. వేడివేడివి, ఉప్పుకారాలు, వేళాపాళా లేకుండా ఇంతింత. ఆవిడ బతికింది దానిమీదే.

వదిన బోర్లించిన డబ్బా మీద కూలబడింది.

"అయితే నేను అబద్ధమే చెప్పానన్నమాట."

"అబద్ధం కాదు వదినా. పొరపాటు."

"డాక్టరుకి రెండూ ఒకటేగా." మళ్ళీ తనే అంది, "పాపం ఆయన కోప్పడింది న్యాయమే. నేను చచ్చిపోయుంటే ఆయన పీకకి చుట్టుకునేది."

"అందుకే మళ్ళీ వెళ్దాం."

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు భయంగా ఉందే" అంది. "ఆయన ఏదో అన్నాడని రావట్లేదు అనుకుంటున్నారు మీరంతా. నేనూ అలాగే అనుకున్నా. అది కాదు. ఆ రోజు ఏమీ కనబడలేదు అనగానే నా ప్రాణం హాయిగా ఊపిరి పీల్చుకుంది. చూస్తే అక్కకొచ్చిందే ఉంటుంది. చూడకపోతే లేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మసాలా వాసన, అరచేతి మధ్యలో వేడికి మొద్దుబారిన చర్మం. ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాత్రం ఎక్కడుంది? చూసేటప్పుడు పక్కనే ఉంటానని చెప్పాను, ఆవిడ తలూపింది.

ఈసారి పరీక్ష ముందురోజు ఆవిడను క్యాంటీన్ గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. రుచి చూసే బాధ్యత కూరలావిడకు అప్పగించి, మా ఇంటికి తీసుకొచ్చేశాను. అప్పుడిక మా ఆయనకు చెప్పక తప్పలేదు. విని, ఆవిడ అన్నట్టే నవ్వాడు. "మా అక్క నోటికి తాళం వేయించాలన్నమాట" అని. ఎవరూ నవ్వకపోయేసరికి లేచి ఏదో పని ఉన్నట్టు వీధిలోకి పోయాడు. పొద్దున నేను పొయ్యి వెలిగించలేదు. వెలిగిస్తే ఈవిడ చెయ్యి ఊరుకోదు. మా ఆయనకు రొట్టె కొని చేతిలో పెట్టాను.

ఆస్పత్రిలో నర్సు అడగకముందే వదిన చెప్పేసింది. "నేను వంటమనిషినమ్మా. పోయినసారి తినలేదు గానీ రుచి చూశాను. అదీ తిండేనని నాకు తెలియదు. ఈసారి రుచి కూడా చూడలేదు." నర్సు ఆవిడ ముఖంలోకి ఒక నిమిషం చూసి, "నేను డాక్టరుగారితో చెప్తాను లెండి" అంది. ఆ గొంతులో మొదటిసారి స్టాపులు చదివే ధోరణి లేదు.

మత్తు వద్దంది వదిన. పోయినసారి తను నిద్రలో ఉండగా తన గురించి ఏవేవో తేల్చేశారు, ఈసారి తన చెవులతో తను వినాలి. డాక్టరు ఒప్పుకున్నాడు. గొంతు మొద్దుబారే మందు కొడతాం, ఇబ్బందిగా ఉంటుంది, వికారం వస్తుంది, ప్రమాదం మాత్రం లేదు, తట్టుకోలేకపోతే చెయ్యెత్తండి, అప్పుడు మత్తిస్తాం అన్నాడు. మత్తు లేదు కాబట్టి నన్ను తల దగ్గర నిలబడమన్నారు.

ముందు కట్టుడు పళ్ళు తియ్యమన్నారు. మా వదినకు పై వరస పళ్ళు కట్టుడువని నాకే అంతవరకు తెలియదు. అటు తిరిగి తీసి, నా రుమాలులో పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పరీక్షకన్నా దానికే ఎక్కువ సిగ్గుపడినట్టుంది. గొంతులో మందు కొట్టారు. మాగిపోయిన అరటిపండు వాసన, విషంలాంటి చేదు అంది. కాసేపటికి నాలుక తనది కాదన్నట్టు మాట్లాడింది. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళు ముడిపించి పడుకోబెట్టారు. నోట్లో ప్లాస్టిక్ రింగు పెట్టారు, గొట్టాన్ని కొరకకుండా. గొట్టం నేను ఊహించుకున్నంత లావు లేదు. చిటికెనవేలు కన్నా సన్నంగా, నల్లగా, కొసన దీపంతో ఉంది.

"ఒక్కసారి మింగండి" అన్నాడు డాక్టరు. వదిన ఒళ్ళంతా ఎగిరిపడింది. ఓకరించింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. ఆవిడ పట్టుకు నా వేళ్ళు విరిగిపోతాయనుకున్నాను. నర్సు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి చెవి దగ్గర చెబుతూనే ఉంది. "అయిపోయింది, దాటేసింది. ఇంక మింగొద్దు, ఉమ్మి కారనివ్వండి, గుడ్డ ఉంది. ముక్కుతో గాలి తీసుకోండి. గొట్టం అన్నం పోయే దారిలో ఉంది, ఊపిరి పోయే దారిలో కాదు. ఊపిరి ఆగదు. మెల్లగా. ఇంకా మెల్లగా." వదిన ముక్కుపుటాలు ఎగురుతూ ఎగురుతూ నెమ్మదించాయి. లోపలికి గాలి ఊదారు, పెద్దపెద్ద త్రేన్పులు వచ్చాయి. సిగ్గుపడకండి, అవి గాలివి అంది నర్సు.

తెర మీద మా వదిన లోపలి భాగం కనిపించింది. గులాబిరంగు గోడలు, తడిగా, మెరుస్తూ, మెల్లగా కదులుతూ. శుభ్రంగా, ఖాళీగా ఉంది. కింది కొసన ఒకచోట గోడకు గుంట పడి, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉంది. డాక్టరు అక్కడ ఆగాడు. నా గుండె కూడా అక్కడే ఆగింది. "పుండు ఉంది. ఇక్కణ్ణుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపుతాను. నొప్పి తెలియదు" అన్నాడు. నిజంగానే ఆవిడకు తెలియలేదు.

గొట్టం బయటికి వచ్చేసింది. వదిన లేచి కూర్చుని, మూతి తుడుచుకుని, పళ్ళు లేని నోటితో అడిగింది:

"ఇంతేనా?"

"ఇంతే" అంది నర్సు.

"నిజంగా ఇంతేనా?"

పాలు పొంగడానికి పట్టేంతసేపు కూడా పట్టలేదు. నేను నవ్వాను, గండం గడిచిన నవ్వు. వదిన నవ్వలేదు. నర్సు చెప్పాల్సినవి చెప్పింది. గొంతులో మొద్దు వదిలేదాకా ఏమీ తాగొద్దు, పొలమారుతుంది. వదిలాక ముందు ఒక గుక్క నీళ్ళు తాగి చూసుకోవాలి. ఒకటి రెండు రోజులు గొంతు గీరుకుపోయినట్టుంటుంది, భయం లేదు. కడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, వాంతిలో రక్తం కనబడినా, విరేచనం నల్లగా తారులా అయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా వెంటనే రావాలి. వదిన అన్నిటికీ తలూపింది. విన్నదో లేదో నాకు తెలియదు. బస్సులో నా భుజం మీద తల పెట్టి అంది, "దీనికా అక్క అంత భయపడింది."

ముక్కల పరీక్ష ఫలితం వచ్చేదాకా మేమిద్దరం పనులు చేసుకున్నామంటే చేసుకున్నాం. నేను ఒకావిడకు అడిగిన రంగు కాక వేరే రంగు కత్తిరించి ఇచ్చి యజమాని చేత చివాట్లు తిన్నాను. రాత్రుళ్ళు మా ఆయన అటు తిరిగి పడుకునేవాడు. నిద్రపోవడం లేదని వీపు చెప్పేది.

ఫలితం రోజున డాక్టరు మమ్మల్ని కూర్చోమని, నాన్చకుండా ముందే చెప్పాడు.

"క్యాన్సర్ కాదమ్మా. పుండు మాత్రమే. ఒకరకం సూక్ష్మజీవి చేరి చేస్తుంది. మీరు ఒంటినొప్పులకి మాత్రలేమైనా వాడతారా?"

"డ్రైవర్లు ఇస్తారండీ. కాళ్ళు పీకుతుంటే వేసుకుంటాను."

"అవి ఆపెయ్యండి. అవీ పుండు చేస్తాయి. రెండు వారాలు ఈ మందులు ఒక్క పూట తప్పకుండా వాడాలి. ఆ తర్వాత కూడా పుండు మానడానికి ఒక మాత్ర ఉంటుంది. వేళకి కూర్చుని తినండి. రెండు నెలల తర్వాత మళ్ళీ గొట్టం వేసి మానిందో లేదో చూడాలి. ఇది తప్పనిసరి."

నాకు ఏడుపొచ్చేసింది. వదిన మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"మా అక్కకి కూడా మొదట్లో ఇదే అయ్యుంటుందా బాబూ?"

డాక్టరు చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. "చూడకుండా చెప్పలేనమ్మా" అన్నాడు. అంతలోనే, "మీకు తోడబుట్టినవాళ్ళు ఇంకెవరున్నారు?" అని అడిగాడు.

"ఒక తమ్ముడు."

"ఈ సూక్ష్మజీవి చిన్నప్పుడే ఒకే ఇంట్లో పిల్లలకి అంటుకుంటుంది. ఇంట్లో ఒకరు క్యాన్సర్‌తో పోయారు కాబట్టి ఆయన కూడా చూపించుకోవాలి. ఏ బాధా లేకపోతే, ఊపిరి ఊదించి ఆ జీవి ఉందో లేదో చూసే పరీక్షతో సరిపోవచ్చు. కడుపులో ఏమైనా ఇబ్బంది ఉందా ఆయనకి?"

వదిన నావైపు తిరిగింది. మా ఆయన చొక్కాలు ఉతికేది నేను కాబట్టి నాకు తెలుసు. ప్రతి జేబులోనూ ఆ సుద్దముక్కల మాత్రల రేపర్లే. "ఉంది" అన్నాను. "ఆర్నెల్ల నుంచి తిన్న ప్రతిసారీ మంట అంటాడు. ఈమధ్య సగం కంచం వదిలేస్తున్నాడు."

"అయితే గొట్టం వేసి చూడాల్సిందే. తీసుకురండి" అన్నాడు డాక్టరు.

వదిన తన ఇంటికి పోలేదు. మందుల సంచీ చేత్తో పట్టుకుని తిన్నగా మా ఇంటికే వచ్చింది. మా ఆయన టీవీ ముందు ఉన్నాడు. మా ముఖాలు చూసి లేచి నిలబడ్డాడు. క్యాన్సర్ కాదని చెప్పగానే, "నేను చెప్పలేదూ, మా అక్కకేం కాదని" అంటూ మళ్ళీ కూర్చున్నాడు. కూర్చుంటూ చేత్తో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

"నువ్వు కూడా చూపించుకోవాలంట" అంది వదిన.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"మంట ఉందంటగా. డాక్టరు గొట్టం వేసి చూడాలన్నాడు."

మా ఆయన నవ్వాడు. "గొట్టమా. నా గొంతులో గొట్టం దించితే ఆ డాక్టరు చెయ్యి కొరికేస్తా. నావల్ల కాదక్కా ఆ పని. ఊపిరాడదు. మాత్ర వేసుకుంటే తగ్గిపోతోందిలే."

వదిన నిలబడే ఉంది. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు.

"ఊపిరాడుతుందిరా. నేను మత్తు లేకుండా చేయించుకున్నాను. అయ్యో అనుకునేలోగా అయిపోయింది. అక్కకి మాత్రం నేనేమీ చెప్పలేదు. వద్దంటే ఊరుకున్నాను. పెద్దది కదా, దాని ఇష్టం అనుకున్నాను. ఒక్కసారి చెయ్యి పట్టుకుని లాగి ఉంటే వచ్చేదేమో. లాగలేదు. ఇప్పుడు జన్మంతా అదే అనుకుంటూ బతకాలి నేను." ఊపిరి తీసుకుంది. "నువ్వు నాకన్నా చిన్నవాడివి. నీ ఇష్టం నేనడగట్లేదు."

మా ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయి, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు ఉన్నాడు. నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

చెయ్యి చాపి టీవీ కట్టేశాడు.

"ఎప్పుడెళ్దాం అక్కా?" అన్నాడు. "నాకు మాత్రం మత్తు కావాలి."